జిలేబి తినే వాలుగకు రవ్వ పెట్టాను: ఒక కుంట కేస్ స్టడీ

చేపల పెంపకంలో రైతులకు సలహాలు చెప్పడం నా వృత్తి. గాలం వేయడం నా వ్యసనం. శీర్షికలోని జిలేబి, వాలుగ, రవ్వ మూడూ చేపలే. ఈ రెండూ ఒకే పనిలో కలిసిన సందర్భం నాకు ఇదొక్కటే. తప్పులు కూడా రెండింటి తరఫునా చేశాను. యజమానిని, ఊరిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. చేపల తూకాలు, నీటి లోతులు మాత్రం అప్పుడు నోటు పుస్తకంలో రాసుకున్నవే.

కుంట పూర్వాపరాలు

హైదరాబాద్ నుంచి కారులో గంటన్నర దూరంలో, పట్టా భూమిలో ఉన్న కుంట అది. వానలు బాగా పడితే ఆరెకరాల మేర నీరు నిలుస్తుంది. మే నెలకు రెండెకరాలు మిగిలితే గొప్ప. అయితే ఒక మూల పాత రాతి క్వారీ గుంత ఉంది. అరెకరం ఉంటుంది. నడివేసవిలోనూ అందులో పదహారు అడుగుల నీరు ఉంటుంది. నగరం చుట్టూ ఎక్కడ తవ్వినా తగిలే గ్రానైటే అక్కడా. గుంత గోడలు నిలువుగా ఉంటాయి, అడుగున మనిషెత్తు బండలు పడి ఉంటాయి. ఈ గుంతను గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కుంటకు ఎగువన ఒక ఊరి చెరువు ఉంది. అది అలుగు దూకితే నీరు వాగు గుండా ఇక్కడికి వస్తుంది. ఇక్కడి అలుగు దూకితే దిగువ చెరువుకు పోతుంది. గొలుసుకట్టు చెరువుల తీరే అంత. నీరు ఒంటరిగా రాదు, పైవాళ్ళ చేపలను వెంటబెట్టుకుని వస్తుంది. పోయేటప్పుడు మన చేపలను కిందివాళ్ళకు ఇచ్చి పోతుంది.

యజమాని 2019 ఆగస్టులో బొచ్చె, రవ్వ, ఎర్రమోసు పిల్లలు ఎనిమిది వేలు వేశారు. మరుసటి వేసవిలో పట్టుబడి సంతృప్తిగా ఉంది. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ వారం ఈ కుంట అలుగు మీద మోకాలి లోతు నీరు పారిందట. 2021లో ఆయన పదివేల పిల్లలు వేశారు. 2022 మే నెలలో వల లాగితే వంద చేపలు కూడా రాలేదు. విసుగుపుట్టి ఇక పిల్లలు వేయడమే మానేశారు.

వచ్చిన సమస్య

2023 ఫిబ్రవరిలో ఫోన్ చేసి ఆయన చెప్పిన మొదటి మాట: "సార్, మా కుంటలో మొసలి చేరింది."

ఆధారాలు మూడు చూపించారు. రాత్రిళ్ళు గుంత వైపు నుంచి బండరాయి నీళ్ళలో పడ్డట్టు చప్పుడు వస్తోంది. కాపలా మనిషి పెంచుకుంటున్న బాతు పిల్లలు పదకొండింటిలో నాలుగే మిగిలాయి. అతను రాత్రి కట్టి వదిలిన గాలం దారం పొద్దునకు తెగి ఉంది.

బాతు పిల్లల సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ కాపలా మనిషికి నాలుగు కుక్కలున్నాయి. నన్ను ఆపింది తెగిన దారం. నీటి కాకులు చేపపిల్లలను బాగానే తింటాయి గానీ పగటిపూట తింటాయి, దారాలు తెంపవు. తాబేలు కొరికితే కత్తెరతో కోసినట్టు తెగుతుంది. అతను జేబులోంచి తీసి చూపించిన తంగూసు కొస జానెడు పొడవున గరుకు కాగితంతో రుద్దినట్టు పీచులు లేచి ఉంది. అంటే కోసే పళ్ళు కావు, అరగదీసే పళ్ళు. కొర్రమీను కావచ్చునా అనుకున్నాను. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి నీటి పైకి రాక తప్పదు. సాయంత్రం రెండు గంటలు గుంత ఒడ్డున కూర్చుంటే అలాంటి బుడగలు రెండే లేచాయి, రెండూ చిన్న చేపలవే.

ఇక మిగిలింది వాలుగ. కంటి వెనక దాకా చీలిన నోరు, దవడల నిండా వెనక్కి వంగిన సన్నని పళ్ళు, పొలుసు లేని ఒళ్ళు. పగలు నీడలో పడుకుని రాత్రి వేటాడుతుంది. 2020 వరదకు ఎగువ చెరువు నుంచి దిగి ఉంటుంది. 2021లో వేసిన పదివేల పిల్లలు దానికి ఎదురు వచ్చిన విందు.

యజమాని కోరిక స్పష్టంగా ఉంది. మృగశిర కార్తె నాటికి అన్నిటినీ పట్టేయాలి. కార్తె రోజు రాంనగర్ మార్కెట్లో చేపకు ఉండే గిరాకీ ఆయనకు తెలుసు. బంధువులకు మాట కూడా ఇచ్చేశారట.

మొదటి ప్రయత్నం, పుస్తకాల మీద ఆధారపడి

ఇక్కడ నా అవివేకం ఒకటి ఒప్పుకోవాలి. పెంచిన చేపల మధ్య పెద్ద వేటచేపను పట్టడం గురించి నేను చదివిందంతా యూరప్, అమెరికాల్లోని పైక్ అనే చేప గురించే. అక్కడ జలాశయాల్లో గాలగాళ్ళ కోసం పెంచిన ట్రౌట్ చేపలను వదులుతారు, వాటిని తిని పైక్ బలుస్తుంది. వేల్స్‌లోని లాండెగ్వెద్ జలాశయంలో 1992లో రాయ్ లూయిస్ పట్టిన పైక్ 46 పౌండ్ల 13 ఔన్సులు, అంటే 21 కిలోల పైమాట, చాలా ఏళ్ళు బ్రిటన్ రికార్డుగా నిలిచింది. అదీ ట్రౌట్ వదిలే నీరే. కాబట్టి నా తర్కం ఇలా సాగింది: అక్కడ ట్రౌట్ తిని బలిసినదానికి ట్రౌట్‌ను పోలిన ఎర వేస్తారు, ఇక్కడ రవ్వ తిని బలిసినదానికి రవ్వనే వేయాలి.

నాలుగు ఉదయాలు గుంత అంచున బెండు కట్టి, నాలుగంగుళాల రవ్వ పిల్లలను ఎరగా వేశాను. పైక్ కంటితో చూసి వేటాడే చేప, పగలే దొరుకుతుంది. ఆ అలవాటునూ అరువు తెచ్చుకున్నాను. నాలుగు ఉదయాలకు దొరికింది కిలోంబావు కొర్రమీను ఒకటి. కాపలా మనిషి భోజనం మాత్రం బాగా కుదిరింది.

ఎర సరే, వేళ తప్పేమో అనుకుని సాయంత్రానికి మారాను. మెరిసే రేకు ఎరలు, రబ్బరు చేపలు వేశాను. మూడో సాయంత్రం చీకటి పడే ముందు ఒక దెబ్బ తగిలింది. రీలు పది గజాలు పాడింది, తర్వాత దారం తేలికైపోయింది. కొస చూస్తే అవే పీచులు. పైక్ కోసం ఉక్కు తీగ కొస లేకుండా ఎవరూ గాలం వేయరన్నది నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీల్లోనే ఉంటుంది. మిగతావన్నీ అరువు తెచ్చుకుని, నిజంగా పనికొచ్చే ఆ ఒక్కటీ వదిలేశాను. తీగ కట్టిన ఎర చప్పగా ఈదుతుందన్నది నా సాకు. నోట్లో మూడు కొక్కేల గాలంతో ఒక చేప పోయింది. అది నా ఖాతాలోదే.

వల, మందు

యజమానికి ఓపిక తగ్గుతోంది. వల వేద్దామన్నారు. లాగుడు వల గుంతలో పనిచేయదని నాకు తెలుసు, బండల మీద రెండు గజాలు కూడా సాగదు. గుంత నోటి దగ్గర, లోతు నుంచి మెరకకు చేప వచ్చే దారికి అడ్డంగా రాత్రంతా నిలువు వల కట్టించాను. పక్క ఊరి నుంచి అనుభవం ఉన్న మత్స్యకారుడైన పెద్దాయన వచ్చి కట్టారు. పొద్దున చూస్తే వలలో గంపెడు జిలేబి చేపలు, ఒకచోట తలుపంత చిరుగు, ఇంకొకచోట చిక్కుకుని ఊపిరాడక కొట్టుకుంటున్న తాబేలు. ఆ రకం తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. ప్రాణాలతోనే ఉంది, విడిపించి వదిలేశాం. ఇంకొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించాక ఆ కుంటలో రాత్రి వల వద్దని గట్టిగా చెప్పాను.

తర్వాత ఇప్ప చెక్క (ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి) ప్రస్తావన వచ్చింది. చెరువుల్లో పిల్లలు వేసే ముందు వేటచేపలను చంపడానికి అది పాత పద్ధతే. దానిలోని సపోనిన్ అనే పదార్థం చేపల ఊపిరి తీస్తుంది. మోతాదు లీటరు నీటికి 250 మిల్లీగ్రాములు. గుంత ఒక్కదానిలోనే వేసవిలో సుమారు పదివేల ఘనమీటర్ల నీరు ఉంటుందని లెక్కవేశాను. అంటే రెండున్నర టన్నుల చెక్క. ఖర్చు కన్నా నన్ను ఆపినవి వేరే ఉన్నాయి. విషం వాలుగకూ కొర్రమీనుకూ తేడా చూడదు. బండల సందుల్లోకి అది సమానంగా చేరుతుందన్న నమ్మకం లేదు. పైగా ఎగువ చెరువు అలుగు మళ్ళీ దూకితే కొత్త వాలుగలు మళ్ళీ దిగుతాయి. యజమానికి డేవిస్ సరస్సు సంగతి చెప్పాను. కాలిఫోర్నియాలోని ఆ ట్రౌట్ సరస్సులో 1994లో పైక్ కనబడింది. 1997లో సరస్సు మొత్తానికి విషం పెట్టారు, ఊళ్ళో జనం గొడవ చేశారు. 1999లో పైక్ మళ్ళీ కనబడింది. 2007లో రెండోసారి విషం పెట్టాల్సి వచ్చింది. ఆయన శ్రద్ధగా విని, "అమెరికావాళ్ళు కాబట్టి రెండుసార్లు పెట్టుకున్నారు, నాకు ఒక్కసారికే డబ్బు లేదు" అన్నారు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

పెద్దాయన మాట

మలుపు నా బుర్రలోంచి రాలేదు. చిరిగిన వల మడుస్తూ పెద్దాయన అడిగారు, నీ గాలానికి ఏం పెడుతున్నావని. రవ్వ పిల్లలు అన్నాను. ఆయన గంపలోకి చూపించి, "ఈ వలలో రవ్వ ఎక్కడుంది బిడ్డా? నీళ్ళలో ఏముందో అదే కదా అది తినేది" అన్నారు.

చేపల శాస్త్రం చదువుకున్నవాడిని, సిగ్గుపడ్డాను. కుంటలో రవ్వ పిల్ల పడి ఏడాదిన్నర దాటింది. ఆ వాలుగలు ఒకప్పుడు దేన్ని తిని పెరిగాయో నేను గాలానికి కడుతున్నాను, ఇప్పుడు దేన్ని తిని బతుకుతున్నాయో చూడటం లేదు. పెంచిన చేప అయిపోయాక ఆ ఖాళీలోకి జిలేబి దూరింది. తిలాపియా అని లెక్కల్లో రాసుకునే ఆ చేప మెరకలో గుంటలు తవ్వి గూళ్ళు కడుతుంది, గుడ్లను, పిల్లలను నోట్లో దాచుకుని కాపాడుతుంది, ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెడుతుంది. ఎగువ వాగు కలిసే చోట, నడుము లోతు గులకరాళ్ళ మెరకలో, పళ్ళేలంత గూళ్ళు పదుల సంఖ్యలో ఉన్నాయి. రోజూ వాటి మీదుగానే నడిచి గుంతకు వెళ్ళేవాణ్ణి.

అప్పుడు తర్కం తిరగబడింది. పగలంతా గుంతలో బండ కింద పడుకునే చేప కోసం ఆ బండల్లో వెతకడం దేనికి? రాత్రి అది భోజనానికి వచ్చే చోట కూర్చోవాలి. వాలుగకు చీకట్లో కళ్ళకన్నా మీసాలు, వాసన ముఖ్యం. కాబట్టి ఈదే ఎర అక్కర్లేదు. అప్పుడే చచ్చిన జిలేబి, అరచేతి పొడవుది, రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టి అడుగున పరుండబెడితే చాలు. కుళ్ళిన ఎర పెడితే వచ్చేది తాబేళ్ళు, పీతలు. అందుకే గంటకోసారి ఎర మార్చాను. రెండడుగుల ఉక్కు తీగ కట్టాను. సర్కిల్ హుక్ అనే గుండ్రటి గాలం ఎంచుకున్నాను. అది మింగినా చాలావరకు కడుపులో గుచ్చుకోదు, చేప తిరిగి పోతుంటే పెదవి మూలకు జారి పట్టుకుంటుంది. దానికి ఒక షరతు ఉంది: చేప లాగగానే రాడ్‌ను ఎగదన్నకూడదు. దారం బిగిసేదాకా ఊరుకోవాలి. ముప్పై ఏళ్ళ అలవాటును చేతులకు మానిపించడం ఆ పనిలోకల్లా కష్టమైనది.

మే నెల దాకా ఎందుకు ఆగానంటే నీరు తగ్గేకొద్దీ మెరక చిన్నదవుతుంది, చేప తిరిగే దారి ఒకటో రెండో మిగులుతాయి. వేళ విషయంలో రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకే అని నియమం పెట్టుకున్నాను. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ వేళ పోరాడి అలసిన చేపను వదిలినా బతకదు. అన్నిటినీ చంపకూడదన్న ఆలోచన అప్పటికే నాలో మొదలైంది, యజమానికి ఇంకా చెప్పలేదు.

తొమ్మిది రాత్రులు

మొదటి రాత్రి ఏమీ లేదు. కాపలా మనిషి నిమిషానికోసారి నీటి మీదకు టార్చి వేశాడు, అతన్ని తప్పుపట్టలేను, నాకూ ఆత్రంగానే ఉంది. రెండో రాత్రి టార్చి నా సంచిలో పెట్టుకున్నాను. పదకొండు కావస్తుండగా దారం మెల్లగా, ఎవరో దారపు ఉండ విప్పుతున్నట్టు జరిగింది. చేతులు వెనక్కి కట్టుకున్నంత పనిచేసి ఆగాను. దారం బిగిసింది, రాడ్ వంగింది. పావుగంటకు 5.2 కిలోల వాలుగ ఒడ్డుకు వచ్చింది. గాలం పెదవి మూలలో ఉంది.

మే నెలంతా తొమ్మిది రాత్రుల్లో మొత్తం ఏడు దొరికాయి. ఎక్కువ అమావాస్యకు అటూ ఇటూ దొరికాయి. వెన్నెల రాత్రులు రెండు పూర్తిగా వృథా. ఏడు చేపల లెక్కతో దాన్ని సూత్రం చేయను. మొదట దొరికిన నాలుగూ, ఆ తర్వాత దొరికిన రెండు కిలోల పిల్లదీ యజమాని ఇంటికి వెళ్ళాయి. ఐదూ కలిపి 17.4 కిలోలు. కడుపులు నేనే కోసి చూశాను. మూడింటిలో జిలేబి, ఒకదానిలో పీత, కప్ప కాలు, ఒకటి ఖాళీ. రవ్వ పొలుసు ఒక్కటీ లేదు.

అన్నిటికన్నా పెద్దది ఏడో రాత్రి వచ్చింది. 122 సెంటీమీటర్ల పొడవు, 7.4 కిలోలు. ఆ పొడవుకు ఇంకొక కిలోన్నర ఉండాలి. తల పెద్దగా, పొట్ట లోపలికి పోయి, పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇంట్లా ఉంది. విందు రోజుల్లో పెరిగిన పొడవు అది, ఇప్పటి తిండి దానికి చాలడం లేదు.

దాన్ని వదిలేస్తానన్నాను. యజమాని ముఖం మారిపోయింది. "దొంగను పట్టి, బొట్టుపెట్టి సాగనంపుతారా?" అన్నారు. నా వాదన రెండు భాగాలు. పైక్ నీళ్ళలో పదేపదే గమనించిన సంగతి ఒకటుంది: పెద్ద పైక్‌లను ఏరేస్తే చిన్నవి ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి, ఎందుకంటే వాటిని తిని అదుపులో ఉంచేవి పెద్దవే. వాలుగ కూడా తన జాతి పిల్లలను తినే చేపే. రెండోది, ఆ కుంటలో అరచేయంత జిలేబిని మింగగలిగే నోళ్ళు ఇంకెవరికీ లేవు. మే చివర్లో 6.1 కిలోల ఆడ చేప గుడ్లతో పొట్ట ఉబ్బి వచ్చింది. తొలకరికి గుడ్లు పెట్టే జాతి అది, నదుల్లో తగ్గిపోతోందని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమితి ఎరుపు జాబితాలో ముప్పు పొంచి ఉన్నవాటిలో చేర్చింది. దాన్నీ వదిలాను. పైక్ పాఠాన్ని అరువు తెచ్చుకుని ఒకసారి దెబ్బతిన్నవాడిని మళ్ళీ దాన్నే నమ్మడం సరైనదేనా అని ఆ రాత్రి కారులో తిరిగి వస్తూ అనుకున్నాను. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. పుట్టబోయే పిల్లలు ఆ కుంటకు మేలా కీడా అన్నది నాకు తెలియదని యజమానికి నిజాయితీగా చెప్పి, రెండు పెద్ద చేపలు తినేదాన్ని పన్నుగా లెక్కవేసుకోమన్నాను. మృగశిరకు బంధువులకు ఆయన మార్కెట్లో కొని పంపారు.

అసలు లోపం

చేపలు పట్టడం అయ్యాక తేలినది ఇది. ప్రభుత్వం 2016 నుంచి తెలంగాణ చెరువుల్లో ఉచితంగా వదిలే పిల్లల్లో రెండు సైజులుంటాయి. ఏటా ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. ఆ తేడాకు అర్థం ఉంది. ఎండే చెరువులో వేటచేప వేసవి దాటి మిగలదు, కాబట్టి చిన్న పిల్ల కూడా నిలుస్తుంది. ఈ యజమాని తనది కుంట కదా అని చిన్న సైజువే కొన్నారు. కాగితం మీద అది ఎండే కుంటే. కానీ మూలన ఉన్న క్వారీ గుంత దాన్ని చిన్న జలాశయంగా మార్చేసింది. 2019లో పిల్లలు బతికాయంటే అప్పటికి గుంతలో వేటచేప లేదు కనుక. 2020 తర్వాత ఉంది. సైజు మారలేదు.

2023 ఆగస్టులో పదివేల చిన్న పిల్లలకు బదులు, వంద గ్రాములు దాటిన ఏడాది వయసు పిల్లలు పదిహేను వందలు వేయించాను. ఒక్కో పిల్ల ధర చూసి ఆయన గుండె పట్టుకున్నారు. సంచులు దించిన చోటే గుమ్మరించకుండా గుంతకు దూరంగా, కలుపు ఉన్న మెరకలో వదిలాం. అలుగుకు ఇనుప జాలీ బిగించాం. 2024 మే నెలలో మెరక భాగం వరకే వల లాగితే తొమ్మిది వందలకు కాస్త అటూ ఇటూ చేపలు వచ్చాయి, సగటున కిలో. గుంతలో మిగిలినవి లెక్కలో లేవు.

ఐదు వాలుగలు తగ్గడం, పిల్ల సైజు పెరగడం, జాలీ, ఈ మూడూ ఒకే ఏడాది జరిగాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. పందెం కాయమంటే సైజు మీద కాస్తాను. అంటే నేను గాలం వేయకపోయినా ఇదే ఫలితం వచ్చి ఉండవచ్చు. ఆ మాట యజమానికి చెప్పాను. ఫీజు మాత్రం తగ్గించలేదు.

జాలీతో కొత్త తలనొప్పి మొదలైంది. వాన జోరుగా పడ్డ రాత్రి ఆకులు, చెత్త చేరి జాలీ మూసుకుపోతుంది, నీరు కట్ట మీదకు ఎక్కుతుంది. కాపలా మనిషి గొడుగు పట్టుకుని, పొడవాటి కర్రకు దంతె కట్టి గంటకోసారి వెళ్ళి చెత్త లాగుతాడు. గుంత వైపు చప్పుడు వచ్చినప్పుడల్లా ఫోన్ చేస్తాడు: "సార్, పెద్దది లేచింది."